జాడ వేరు, బాట వేరు: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కాలిదారులు చేర్చే పని

ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, అడవిలోంచి కొండెక్కి దిగొచ్చిన మనిషి దగ్గర సాయంత్రానికి ఒక జీపీఎక్స్ ఫైలు ఉంటుంది. అందులో కొన్ని వేల బిందువులు, ఒక్కోదానికి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, సమయం. మ్యాప్ తెరిచి చూస్తే ఆ కొండ మీద ఒక్క గీతా లేదు. ఈ ఫైలు తీసుకెళ్లి అక్కడ పెట్టేస్తే పని అయిపోయినట్టే కదా అనిపిస్తుంది. అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కు కొత్తగా వచ్చిన నడక ప్రియుల మొదటి ప్రశ్న కూడా తరచుగా అదే: నా ట్రాక్ ఎక్కడ అప్‌లోడ్ చేయాలి?

ఆ ప్రశ్నలోనే చిన్న పొరపాటు ఉంది. ఫైలులో ఉన్నది ఒక మనిషి ఒకానొక రోజున నడిచిన జాడ. మ్యాప్‌లో ఉండాల్సింది బాట. జాడ అంటే జరిగిపోయిన సంగతికి సాక్ష్యం. దారి తప్పి పొదల్లో తిరిగినా, ఫొటో కోసం బండ ఎక్కినా, వాగు దాటే చోటు వెతుకుతూ అటూ ఇటూ తచ్చాడినా జాడ అబద్ధం చెప్పదు, అలా నడిచిన మాట నిజమే కాబట్టి. బాట సంగతి అలా కాదు. ఇక్కడ దారి ఉంది, రేపు ఎవరొచ్చినా కాళ్ల కింద అది కనిపిస్తుంది అని ముక్కూమొహం తెలియని మనిషికి ఇచ్చే మాట అది. జాడను యంత్రం రాసిపెడుతుంది. మాట ఇవ్వాలంటే మనిషి ఆలోచించాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా ఈ రెంటినీ వేర్వేరు గదుల్లో ఉంచింది. జీపీఎస్ ట్రాకులు అప్‌లోడ్ చేసే విభాగం ఒకటి. రోడ్లు, నదులు, భవనాలు, బాటలు ఉండే అసలు మ్యాప్ డేటాబేస్ మరొకటి. మొదటి గదిలో ఎన్ని ఫైళ్లు వేసినా రెండో గదిలో ఒక్క గీత కూడా పుట్టదు. ట్రాకులు, మ్యాప్‌ను దిద్దే సాఫ్ట్‌వేర్ అయిన ఎడిటర్‌లో వెనుక సన్నటి గీతల్లా కనిపిస్తాయి. వాటిని చూసుకుంటూ ఎవరో ఒకరు బాటను చేత్తో గీయాలి. తిన్నగా ఫైలునే బాటగా మార్చేసే సౌకర్యం కొన్ని ఎడిటర్లలో ఉన్నా, దాన్ని వాడొద్దనే అనుభవజ్ఞులు చెబుతారు. ఎందుకో అర్థం కావాలంటే ఆ ఫైలు లోపల ఏముందో చూడాలి.

ఫైలు లోపల

గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి సెకనుకు దాదాపు 1.4 మీటర్లు ముందుకు వెళ్తాడు. ఫోన్ సెకనుకో బిందువు నమోదు చేస్తే గంటకు 3,600 బిందువులు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ పొరపాటు 5 మీటర్ల వరకూ ఉంటుంది. అంటే రెండు బిందువుల మధ్య మనిషి కదిలిన దూరం కంటే ఒక్కో బిందువులో ఉండగలిగిన తప్పే ఎక్కువ. ఆ పొరపాటు బిందువు బిందువుకూ కాస్త మారుతూ పోతుంది కాబట్టి నేల మీద తిన్నగా ఉన్న దారి ఫైలులో వణుకుతూ కనిపిస్తుంది. వణికే గీత ఎప్పుడూ తిన్నటి గీతకంటే పొడవు. నడక యాప్ చూపించే దూరం చాలాసార్లు అసలు దూరం కంటే ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం.

ఇక చెట్ల గుబురు కిందకో, నిటారు గోడల లోయలోకో వెళ్తే ఉపగ్రహ సంకేతం ఆకుల్లో బలహీనపడుతుంది, రాతిగోడకు తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన సంకేతం ఎక్కువ దూరం ప్రయాణించినట్టు రిసీవర్ పొరబడి, మనిషి ఉన్న చోటును పక్కకు జరుపుతుంది. అలాంటి చోట పదులకొద్దీ మీటర్ల తేడా రావచ్చు. తిండికి కూర్చున్నప్పుడు ఇంకో రకం తంటా. మనిషి కదలడు, బిందువులు మాత్రం ఆ చుట్టుపక్కలే తిరుగుతూ చిక్కుపడిన దారపు ఉండలా పేరుకుంటాయి. ఆ ఫైలును అలాగే బాటగా మార్చితే ఆ ఉండ కూడా మ్యాప్‌లోకి వస్తుంది. వెయ్యి వంకరలున్న బాట పుట్టుకొస్తుంది, అందులో ఏ ఒక్కటీ నేల మీద ఉండదు.

ఇక్కడ కళ్లను మోసం చేసేది అంకెల బారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాబేస్ అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తర్వాత 7 స్థానాల దాకా భద్రపరుస్తుంది. నేల మీద అది దాదాపు సెంటీమీటరు. సెంటీమీటరు వరకూ రాసి ఉందంటే సెంటీమీటరు వరకూ నిజమని కాదు. అడవిలో 20 మీటర్లు పక్కకు పోయిన బిందువుకు కూడా అవే 7 స్థానాలు ఉంటాయి.

అందుకే ఒక్క ట్రాక్ కంటే రెండు మేలు, రెండింటికంటే అయిదు మేలు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ రికార్డు చేసి రెంటి మధ్యగా గీస్తే గీత నేలకు దగ్గరవుతుంది. బయల్దేరే ముందు ఫోన్‌కు స్థానం కుదురుకునే వ్యవధి ఇవ్వాలి. ఫోన్‌ను సంచి అడుగున కాక పైజేబులో ఉంచితే తేడా కనిపిస్తుంది. గీసేటప్పుడు తిన్నగా ఉన్న చోట రెండు బిందువులు చాలు, మలుపులో మాత్రం పిసినారితనం పనికిరాదు. కొండ మీద దారి పాములా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే ఆ మెలికలన్నీ రావాలి. వాటిని కోసేసి ఒక తిన్నటి గీత గీస్తే దూరం తగ్గిపోతుంది, వాలు నిటారుగా మారుతుంది. ఆ గీతను నమ్మి చీకటి పడేలోపు దిగిపోవచ్చని లెక్కేసుకున్న వాళ్లు చిక్కుల్లో పడతారు.

ఎత్తు గురించి మాత్రం పెద్దగా బెంగ అక్కర్లేదు. ఫోన్ జీపీఎస్‌లో ఎత్తు కొలత అడ్డంగా కొలిచేదానికంటే బలహీనం. పైగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బాటలకు ఎత్తును బిందువు బిందువుకూ భద్రపరిచే అలవాటు లేదు. నడక యాపులు చూపించే ఎత్తుపల్లాల బొమ్మ సాధారణంగా వేరే చోటినుంచి వస్తుంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజులపాటు రాడార్‌తో భూమిని కొలిచిన ఎస్‌ఆర్‌టీఎమ్ డేటా అలాంటి ఆధారాల్లో ఒకటి. బాట గీత ఆ ఎత్తుల డేటా మీద పరుచుకుంటుంది. కాబట్టి గీత 30 మీటర్లు పక్కకు జరిగి పక్క శిఖరం అంచు మీద పడితే, లేని ఎక్కుడు కూడా వచ్చి చేరుతుంది.

ఉపగ్రహ చిత్రానికి కనిపించనిది

మొదట్లో ఈ మ్యాప్‌కు జాడలే ఆధారం. 2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ దీన్ని ప్రారంభించినప్పుడు అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే దగ్గర చక్కటి మ్యాపులు ఉన్నాయి, వాటి డేటాను స్వేచ్ఛగా వాడుకునే హక్కు మాత్రం జనానికి లేదు. చూసి గీయడానికి చట్టబద్ధమైన మరో మ్యాప్ చేతిలో లేనప్పుడు మిగిలింది కాళ్లూ, జీపీఎస్ రిసీవరూ. అంతకు నాలుగేళ్ల ముందు, 2000 మేలో, పౌరుల జీపీఎస్ సంకేతాన్ని కావాలని మసకబరిచే ఏర్పాటును అమెరికా ఆపేసింది. ఆ మసక ఉన్నంతకాలం పొరపాటు 100 మీటర్ల దాకా ఉండేది. అంత తప్పుతో కాలిబాట గీయడం అయ్యే పని కాదు. 2006 మేలో కొంతమంది ఔత్సాహికులు ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లి ఒక వారాంతమంతా రోడ్లూ దారులూ తిరిగి ట్రాకులు పోగుచేశారు. ఇలా గుంపుగా కలిసి చేసే మ్యాపింగ్ సమావేశాలకు ఒరవడి పెట్టింది అదే.

తర్వాత గాలినుంచి తీసిన చిత్రాలు వచ్చాయి. 2010 చివర్లో మైక్రోసాఫ్ట్ మ్యాప్ సేవ బింగ్ తన చిత్రాలను చూసి గీయడానికి అనుమతి ఇచ్చింది. అప్పటినుంచి రోడ్లు, ఇళ్లు, పొలాల గట్లు కుర్చీలోంచి కదలకుండానే గీయవచ్చు. తారు రోడ్డు విషయంలో జీపీఎస్ జాడ అవసరం చాలావరకూ తగ్గిపోయింది.

కాలిబాట విషయంలో మాత్రం తగ్గలేదు. చెట్ల కింద అడుగు వెడల్పు దారి ఏ చిత్రంలోనూ కనిపించదు. కనిపించే చోట కూడా అది నిజంగా దారేనా, వాన నీళ్లు కోసిన కాలువా, మేకలు తిరిగిన గాడా, కరెంటు తీగల కింద చెట్లు కొట్టేసిన జాగానా అనేది పైనుంచి తేల్చలేం. చిత్రాల్లో మరో లోపం ఉంది: అవి నేలమీద కొన్ని మీటర్లు పక్కకు జరిగి అతికి ఉండవచ్చు, ముఖ్యంగా కొండప్రాంతాల్లో. అనేకమంది జాడలు ఒకచోట కలిసిన గీతతో పోల్చి చిత్రాన్ని సర్దుకున్నాకే గీయడం మొదలుపెట్టాలి. అంటే మ్యాప్‌లోకి ఎన్నటికీ గీతగా రాని జాడ కూడా వృథా కాదు. చిత్రం ఎంత జరిగిందో తేల్చే కొలబద్దగా అది పనికొస్తుంది.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలలనుంచి వేలమంది వాలంటీర్లు చిత్రాలు చూసి ఊళ్లనూ, ఊళ్ల మధ్య దారులనూ గీశారు. రోడ్డు లేని కొండ ఊళ్లకు కాలిబాటే ప్రాణాధారం కాబట్టి ఆ గీతలకు విలువ ఉంది. కొండచరియలు విరిగిపడ్డాక వాటిలో ఏది నడవదగ్గదో చెప్పాల్సింది మాత్రం అక్కడ నడిచిన మనిషే.

కాలిబాట, బండిబాట

గీత గీసిన వెంటనే మ్యాప్ అడిగే ప్రశ్న: ఇదేమిటి? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి గీతకూ ట్యాగులు ఉంటాయి, ఒక పేరు, దానికో విలువ. దారులన్నీ ‘హైవే’ అనే ట్యాగు కిందకే వస్తాయి. ఇది వినగానే తికమక పుడుతుంది, ఎందుకంటే మనకు హైవే అంటే లారీలు తిరిగే పెద్ద రోడ్డు. మ్యాప్‌లో ఆ మాటను బ్రిటిష్ చట్టపు అర్థంలో, జనం రాకపోకలు సాగించే ఏ దారికైనా వర్తించేలా తీసుకున్నారు. మెట్లూ హైవేనే, కొండ మీది సన్నటి దారీ హైవేనే.

అంతకంటే ఎక్కువ తప్పులకు కారణమైన మాట ‘ట్రాక్’. నడిచిన రికార్డును ట్రాక్ అంటాం. కొన్ని దేశాల ఇంగ్లిష్‌లో నడకదారినే వాకింగ్ ట్రాక్ అంటారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ట్యాగుల్లో ‘హైవే=ట్రాక్’ అంటే ఈ రెండూ కాదు. ట్రాక్టరో, కలప లారీయో పోయేంత వెడల్పున్న పొలం దారి, అడవి దారి. నడకదారికి ‘ట్రాక్’ అని ట్యాగు పెట్టేసిన వాళ్లు తెలియకుండానే అక్కడ బండి వెళ్తుందని చెప్పినట్టయింది. మంటలు ఆర్పడానికి వెళ్లే బండికో, గాయపడిన మనిషిని తేవడానికి వెళ్లే బండికో ఆ ఒక్క మాట తప్పుదారి చూపగలదు. తెలుగులో ఈ తేడా పుట్టుకతోనే ఉంది: బండిబాట, కాలిబాట. ట్యాగు పెట్టే ముందు ఆ రెండు మాటల్లో ఏది నోటికి వస్తుందో చూసుకుంటే చాలావరకు తప్పు జరగదు.

కాలిబాటలోనూ రెండు రకాలు. ‘ఫుట్‌వే’ అంటే ప్రధానంగా నడిచేవాళ్ల కోసమే కట్టినది, పార్కులో రాళ్లు పరిచిన దారిలాంటిది. ‘పాత్’ అంటే అడవిలో, కొండ మీద ఉండే సాధారణ దారి. తెలుగు మాట ఇక్కడ కూడా ఆదుకుంటుంది. కొన్ని బాటలు వేస్తారు, కొన్ని బాటలు పడతాయి. ఎవరూ వేయకుండా, నలుగురూ అడ్డంగా నడవగా నడవగా గడ్డి చచ్చి పడిన బాటకు ‘ఇన్‌ఫార్మల్=యెస్’ అని మరో ట్యాగు చేర్చవచ్చు. దాన్ని చూసిన యాప్ ఆ బాటను వెనక్కి నెట్టి, వేసిన బాటనే ముందు చూపించగలదు.

ఒక్క గీతకు ఇన్ని మాటలా అనిపించవచ్చు. అసలు సరుకు ఈ మాటల్లోనే ఉంది. ‘పాత్’ అనే ట్యాగు మరీ విశాలమైనది: చదునైన నేల మీద చంటిబిడ్డ బండి తోసుకుపోగల దారికీ అదే, చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన రాతి అంచుకూ అదే. వేరే మాట చేర్చకపోతే చాలా మ్యాపుల్లో ఈ రెండూ ఒకేలాంటి చుక్కల గీతగా కనిపిస్తాయి. ఈ వెలితి తీర్చేందుకు వాడుకలోకి వచ్చినవే రెండు ట్యాగులు. మొదటిది స్విస్ ఆల్పైన్ క్లబ్ వాడే 6 అంచెల కొలమానం, ‘ఎస్‌ఏసీ స్కేల్’. మొదటి అంచె ఎవరైనా నడవగల, పడిపోయే ప్రమాదం లేని దారి. రెండో అంచెలో అక్కడక్కడా నిటారు. మూడో అంచెలో నిలదొక్కుకోవడానికి చేతులు అవసరం కావచ్చు, గొలుసులో తాళ్లో కట్టిన చోట్లు ఉండవచ్చు. నాలుగు దాటితే అది నడక కాదు, పర్వతారోహణకు చుట్టం. రెండో ట్యాగు దారి కంటికి ఎంత ఆనుతుందో చెబుతుంది, పూర్తి స్పష్టంగా కనిపించేదానినుంచి అసలు ఆనవాలే లేనిదాని వరకు 6 మెట్లు.

ఈ రెండూ వేర్వేరు సంగతులు, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. చదునైన గడ్డిమైదానంలో దారి కష్టం కాదు, కనిపించదు, అంతే. నిటారు రాతిమెట్ల దారి దూరంనుంచే కనిపిస్తుంది, ఎక్కడమే కష్టం. పొగమంచు పట్టిన రోజున మొదటిది రెండోదానికంటే ప్రమాదకరం కావచ్చు.

మ్యాప్ మీద గీత ఎంత బలంగా పనిచేస్తుందో 2021 జూలైలో స్కాట్లండ్‌లో బయటపడింది. బ్రిటన్‌లో ఎత్తయిన పర్వతం బెన్ నెవిస్‌కు గూగుల్ మ్యాప్స్‌లో దారి అడిగినవాళ్లకు శిఖరానికి తిన్నగా చూస్తే దగ్గరగా ఉన్న కారు పార్కింగ్ దాకా తీసుకెళ్లి, అక్కడినుంచి పైకి చుక్కల గీత చూపిస్తోందని, ఆ వైపు ఎక్కడం ప్రాణాంతకం కావచ్చని జాన్ మ్యూర్ ట్రస్ట్, మౌంటెనీరింగ్ స్కాట్లండ్ సంస్థలు హెచ్చరించాయి. ఆ చుక్కలు మధ్యలో దారి సమాచారం లేదని చెప్పే గుర్తులు కావచ్చు, చూసేవాళ్ల కంటికి మాత్రం అది దారి. ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తప్పు కాదు, పాఠం మాత్రం దానికీ వర్తిస్తుంది. తెర మీద గీత కనబడితే జనం కాలు కదుపుతారు. దాని కింద ఎన్ని ట్యాగులున్నా, యాప్ వాటిని చూపించకపోతే నడిచే మనిషికి అవి లేనట్టే. అయినా ట్యాగు రాయడం మానకూడదు. రాసిన ట్యాగును ఏదో ఒకరోజు యాప్ చదవగలదు. రాయనిదాన్ని ఏ యాపూ ఊహించలేదు.

ఇంకొన్ని చిన్న విషయాలు ఉన్నాయి, చిన్నవే కానీ గీతను పనికొచ్చేలా చేసేవి. బాట రోడ్డును కలిసే చోట రెండు గీతలకూ ఒకే నోడ్, అంటే ఒకే బిందువు, ఉండాలి. తెర మీద అంటుకున్నట్టు కనిపిస్తూ లోపల అరమీటరు ఎడం ఉంటే దారి చూపే యాప్‌కు అది తెగిన దారే. వాగు అడ్డొస్తే వంతెన ఉందా, నీళ్లలో దిగి దాటాలా అన్నది రాయాలి. కంచె ఉంటే గేటా, ఎక్కి దాటే మెట్టా అన్నది కూడా. పేరు విషయంలో నిగ్రహం అవసరం. బోర్డు మీద ఉన్న పేరో, అక్కడివాళ్ల నోట ఉన్న పేరో అయితేనే పేరు. ‘జలపాతానికి దారి’ అనేది వర్ణన, పేరు కాదు. అలాగే రంగు గుర్తులు వేసిన నడకమార్గం, దాని కింద ఉన్న బాట ఒకటి కాదు. ఒకే బాట మీదుగా మూడు మార్గాలు పోవచ్చు. మార్గాన్ని ‘రిలేషన్’గా విడిగా కడతారు, బాటల ముక్కలను పూసల్లా దానికి గుచ్చుతారు. వేమార్క్‌డ్ ట్రైల్స్ లాంటి సైట్లు చదివేది ఈ రిలేషన్లనే.

మూసేసిన దారిని ఏం చేయాలి

ఈ పని మొత్తంలో చిక్కుప్రశ్న ఇది. రక్షిత అడవిలో పడిన ఒక అడ్డదారి ఉంది. దానివల్ల మట్టి కొట్టుకుపోతోంది, గూళ్లు పెట్టే పక్షులు బెదురుతున్నాయి. అడవిని చూసుకునే అధికారులు దాన్ని మూసి కొమ్మలు అడ్డం పెట్టారు. మ్యాప్‌లో మాత్రం గీత ఉంది, దాన్ని చూసి జనం వస్తూనే ఉన్నారు. గీత తీసేయమని అధికారులు అడుగుతారు. నేల మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చూపడమే మా నియమం అని మ్యాపర్లు అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

గీత తీసేస్తే సమస్య తీరుతుందనే ఆలోచన ఆచరణలో నిలవదు. నేల మీద ఆనవాలు మిగిలి ఉన్నంతకాలం మరో ఎవరో తన జాడను తెచ్చో, చిత్రంలో చూసో అదే గీతను మళ్లీ గీస్తారు. ఆ రెండోసారి గీసినవాళ్లకు మూసివేత సంగతి తెలియదు కాబట్టి అప్పుడది మామూలు బాటగా, అందరికీ తెరిచి ఉన్నట్టుగా వస్తుంది. ముందుకంటే పరిస్థితి అధ్వానం. గీతను ఉంచి ‘యాక్సెస్=నో’ అని రాస్తే, తర్వాత వచ్చే మ్యాపర్‌కు అది కనిపించి చెయ్యి ఆగుతుంది. దారి చూపే యాప్ దాన్ని తప్పించి వెళ్తుంది. మొక్కలు కమ్మేసి వాడుక పోయిన దారి అయితే ట్యాగు ముందు ‘డిస్‌యూజ్డ్’ లేదా ‘అబాండన్డ్’ అని చేర్చే పద్ధతి ఉంది, అలా చేరిస్తే మామూలు మ్యాపుల్లో అది గీతగా రాదు, డేటాలో జ్ఞాపకంగా మాత్రం మిగులుతుంది. ఆనవాలు పూర్తిగా చెరిగిపోయాకే తొలగింపు సరైనది.

దీనికి రెండో చెయ్యి కూడా కలవాలి. మ్యాపర్ ‘యాక్సెస్=నో’ అని రాసినా, యాప్ తయారీదారు దాన్ని మామూలు దారిలాగే గీస్తే శ్రమంతా వృథా. అమెరికాలో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ యూఎస్ సంస్థ ట్రైల్స్ స్టీవార్డ్‌షిప్ ఇనిషియేటివ్ పేరుతో మ్యాపర్లను, భూముల నిర్వాహకులను, యాప్ సంస్థలను ఒక్కచోట కూర్చోబెట్టడం ఇందుకే ముఖ్యమైన అడుగు.

అసలు మ్యాప్‌లోకి తేకపోవడమే మేలైనవీ ఉన్నాయి. అరుదైన పక్షి గూటి దగ్గరికో, కాపలా లేని పురాతన అవశేషాల దగ్గరికో తీసుకుపోయే కొద్దిపాటి జాడను గీతగా మార్చాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఉన్నదంతా చూపాలన్న నియమం ఉన్నదంతా చూపి తీరాలన్న బలవంతం కాదు. మ్యాపర్ మౌనంగా ఉండవచ్చు. అబద్ధం మాత్రం రాయకూడదు.

ఎవరి జాడ, ఎవరి హక్కు

2012 సెప్టెంబర్ నుంచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఓడీబీఎల్ లైసెన్సు కింద ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బు సంపాదించుకోవచ్చు. మూలాన్ని పేర్కొనాలి, డేటాకు చేసిన మెరుగుదలలను బహిరంగంగా పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. ఇంత స్వేచ్ఛగా పంచిపెట్టాలంటే లోపలికి వచ్చేదంతా సొంతం కావాలి. గూగుల్ మ్యాప్స్ చూసి గీయకూడదు, అచ్చయిన నడక పుస్తకంలోని మ్యాప్ చూసి గీయకూడదు, వేరే సైట్‌లో ఎవరో పెట్టిన ట్రాక్‌ను దించుకుని వాళ్ల అనుమతి లేకుండా వాడకూడదు. మార్గసూచిక బోర్డు మీద కళ్లతో చదివిన పేరు సరే. బోర్డు మీద అచ్చువేసిన మ్యాప్‌ను ఫొటో తీసి దాన్ని చూస్తూ గీయడం సరికాదు. దారి ఎవరి సొత్తూ కాదు, దారి బొమ్మకు మాత్రం హక్కుదారు ఉంటాడు.

సొంత జాడలోనూ ఒక ఆపద ఉంది. నడక ఇంటి గుమ్మం దగ్గర మొదలై గుమ్మం దగ్గరే ముగిస్తే, ఫైలు మొదటి బిందువు, చివరి బిందువు ఇల్లే. సమయాలు చూస్తే ఇంట్లో ఎప్పుడు ఎవరూ ఉండరో కూడా తెలిసిపోతుంది. 2018 జనవరిలో, వ్యాయామాన్ని నమోదు చేసే స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో వ్యాయామపు జాడలు సైనిక స్థావరాల ఆకారాన్ని పట్టించిన సంగతి ప్రపంచమంతా చూసింది. పేర్లు తీసేసి, కలిపి చూపిన జాడలే అంత చెప్పాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ట్రాకుల విభాగం సమయం లేని ఫైలును తీసుకోదు, కానీ దాన్ని ఎంతవరకు బయటపెట్టాలో ఎంచుకోనిస్తుంది. ‘ప్రైవేట్’ అని ఎంచుకుంటే పేరు లేకుండా, వరస లేని బిందువులుగా మాత్రమే ఇతరులకు అందుతుంది. ‘ఐడెంటిఫయబుల్’ అంటే పేరు, వరస, సమయం అన్నీ. మధ్యలో మరో రెండు ఉన్నాయి. ఏది ఎంచుకున్నా ముందుగా రెండు కొసలు కత్తిరించడం మంచి అలవాటు. అప్‌లోడ్ చేయడమే ఇష్టం లేనివాళ్లకూ దారి ఉంది: బ్రౌజర్‌లో పనిచేసే ఐడీ ఎడిటర్‌లోకి ఫైలును లాగి వదిలితే అది ఆ తెర మీదే కనిపిస్తుంది, ఎక్కడికీ పోదు. బాట గీసుకుని ఫైలును తమ దగ్గరే ఉంచుకోవచ్చు. కంప్యూటర్‌లో విడిగా నడిచే జోస్మ్‌లోనూ అంతే.

మార్పులు భద్రపరిచేటప్పుడు రాసే రెండు ముక్కల వివరణ ఎవరు చదువుతారులే అనిపిస్తుంది. చదువుతారు. ‘నడిచి చూసి గీసినది, వానాకాలం తర్వాత’ అని ఉంటే, కుర్చీలో కూర్చుని చిత్రం చూసి ఆ బాటను సవరించబోయే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ప్రతి గీతకూ పాత రూపాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి కాబట్టి తప్పు జరిగితే వెనక్కి తిప్పవచ్చు. ఏది తప్పో తేల్చడానికి కావలసింది ఎవరు దేన్ని చూసి గీశారన్న సమాచారం.

గీసిన తర్వాత

తారు రోడ్డు ఇరవై ఏళ్లయినా అక్కడే ఉంటుంది. కాలిబాట ఒక్క వానాకాలంలో చోటు మారుతుంది. చెట్టు కూలితే పక్కనుంచి కొత్త మెలిక పడుతుంది, నడవడం మానేస్తే రెండేళ్లలో తుప్పలు మూస్తాయి. కాబట్టి బాటకు ‘చెక్ డేట్’ అనే తేదీ చేర్చడం, మళ్లీ నడిచిన ప్రతిసారీ దాన్ని మార్చడం, కొత్త గీత గీసినంత విలువైన పని. అందులో కీర్తి లేదు, మ్యాప్ మీద ఏమీ మారినట్టు కనిపించదు. మారలేదని ఒకరు వెళ్లి చూసి చెప్పారు, అదీ సమాచారమే.

కొండచరియ జారి బాట తెగిపోయిన చోటు ఈ పనికి అసలు పరీక్ష. నడిచొచ్చిన మ్యాపర్ తెగిన రెండు కొసల దగ్గరా గీతను విడగొట్టాలి. మధ్య ముక్కను దారిగా ఉంచకూడదు. మార్గం రిలేషన్‌లో అక్కడ ఖాళీ ఏర్పడుతుంది, ఏర్పడనివ్వాలి. నోట్ ఒకటి పెట్టాలి: ఫలానా నెలలో తెగి ఉంది, పైనుంచి చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది అని. ఆ చుట్టు తిరిగిన జాడ ఫైలులో ఉంటుంది, దాన్ని ట్రాకుల విభాగంలో పెట్టవచ్చు. ఖాళీ చూడటానికి బాగోలేదని ఆ జాడను తెచ్చి రెండు కొసలకూ ముడివేయాలనిపిస్తుంది. అది ఒక్కరు, ఒక్కరోజు, రాళ్లు పట్టుకుని దాటిన చోటు. తర్వాత వచ్చినవాళ్లు ఇంకా పైనుంచి పోవచ్చు, కిందినుంచి పోవచ్చు, వెనుదిరగవచ్చు. వాళ్లందరి జాడలూ ఒక వరస మీదికి వచ్చి, నేల మీద బాట పడేదాకా ఆ ఖాళీ అలాగే ఉండాలి.